పార పట్టుకొచ్చిన చుట్టం

కొంగలు రావలసిన రోజు వచ్చింది గానీ కొంగలు రాలేదు. మార్చి నెలాఖరు. సరస్సు మీద మంచు బూడిదరంగుకు తిరిగి అంచుల్లో నీరూరుతోంది. పెరట్లో మాత్రం ఇంకా మంచులో మోకాలి లోతు కాలు దిగబడుతోంది. ఉత్తరాది చలిదేశంలో, జరసాయ్ వైపు పల్లెల్లో ఆ రోజున జనం పొద్దున్నే పొలాలకేసి చూస్తారు. ఒక్క కొంగ కనబడినా చలి పోయినట్టే లెక్క. మోర్తా పొలాలకేసి చూడలేదు. తన పెరట్లో మిగిలిన ఒకే ఒక్క తేనెటీగల పెట్టెకు చెవి ఆనించి వంగి నిలబడింది.

వారం రోజులు జ్వరంతో మంచం దిగని మనిషి, లేవగానే చేసిన మొదటి పని అదే. వేలి కణుపుతో పెట్టెను మూడుసార్లు తట్టింది. లోపల అంతా బాగుంటే ఈగలు (వాటిని అక్కడ మనుషులను అన్నట్టే అంటారు) 'ఝుం' అని ఒక్కసారి అని ఊరుకుంటారు. గుడ్లు పెట్టే తల్లి ఈగ లేకపోతే ఆపకుండా మూలుగుతారు. ఆకలి మీదుంటే ఎండుటాకులు కదిలినట్టు గరగరమంటారు. మోర్తా ఎంతసేపు విన్నా ఏ చప్పుడూ లేదు. మళ్ళీ తట్టింది. నడుం నొప్పి పుట్టేదాకా వింది. ఆ తర్వాత చెంపకంటుకున్న మంచు తుడుచుకుని, పెట్టె మీద చెయ్యి వేసింది.

శీతాకాలం మొదట్లో మూడు పెట్టెలు. జనవరిలో ఒకటి పోయింది, ఫిబ్రవరిలో ఇంకొకటి. రెండుసార్లూ తనే గొయ్యి తవ్వి ఎర్రపళ్ళ పొద కింద పాతిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. అది తప్పని తెలుసు. తెలిసే చేసింది.

ఆ పల్లెల్లో ఈగలను అమ్మరు, కొనరు, నోరు తెరిచి అడగరు. ఇచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఇస్తారు. అలా ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు రెండూ ఆ రోజు నుంచి చుట్టాలు. రక్తసంబంధం అక్కర్లేదు, ఈగల సంబంధం చాలు. పెళ్ళయినా, పురుడైనా, చావైనా ఆ చుట్టం లేకుండా జరగదు. సరస్సు అటు ఒడ్డున ఉండే జిగ్మస్ తండ్రి ఒకప్పుడు మోర్తా తండ్రికి ఒక గుంపు ఈగలనిచ్చాడు. మోర్తా పెరట్లో ఉన్నవన్నీ ఆ సంతతే. తండ్రులు పోయాక ఆ చుట్టరికం వీళ్ళిద్దరికీ వచ్చింది. ఏటా సెప్టెంబరులో ఇద్దరూ కలిసి రెండు పెరళ్ళూ చూసుకునేవారు. జిగ్మస్ పెట్టెను వెనకనుంచి ఒక పక్కకు ఎత్తి, లోపల ఎంత తేనె ఉందో చేతికి తగిలే బరువును బట్టి చెప్పేసేవాడు; తక్కువైతే చలికాలానికి పంచదార పాకం పోసేవారు. అలా ఎత్తడానికి మోర్తాకు భుజం సహకరించదు. అయితే వేల ఈగల్లో తల్లి ఈగను పట్టుకునే కన్ను ఆమెది. ఆ కన్ను జిగ్మస్‌కు లేదు.

పోయిన సెప్టెంబరులో ఎవరి పెరడు వాళ్ళే చూసుకున్నారు. కారణం, జూలైలో జిగ్మస్ తల్లి చావుభోజనం. చుట్టాల బల్ల దగ్గర కూర్చోవలసిన మోర్తాను, వెనక బల్ల దగ్గర, పాలకేంద్రంలో పనిచేసి మానేసిన ముసలాళ్ళ మధ్యన కూర్చోబెట్టారు. మోర్తాకు అసలే ముక్కు మీద కోపం. ముందు పెట్టిన సూపు ముట్టుకోకుండా లేచి, ఆ ఎండలో నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చేసింది. ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఇప్పుడు ఆఖరివాళ్ళు కూడా పోయారు. ఇది దాచేది కాదు. ఇంట్లో చివరి ఈగలు పోతే, వాటినిచ్చిన ఇంటివాళ్ళు వచ్చి గొయ్యి తవ్వాలి. ఎంత పగవాళ్ళైనా సరే.

పదకొండింటికి రొట్టెలూ ఉప్పూ పప్పూ అమ్మే వ్యాను వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టింది. నడిపేది స్తాసె. నలభై ఏళ్ళది, నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏం పిన్నీ, వారం నుంచీ కనబడలేదు! రొట్టె లేకుండా గాలి భోంచేశావా?"

"జ్వరమొచ్చింది. రొట్టె సంగతి తర్వాత. నువ్వు అటు ఒడ్డుకి పోతావుగా, జిగ్మస్‌కి ఒక కబురు చెప్పాలి."

"జిగ్మస్‌కా!" స్తాసె చేతిలో సంచీ జారిపోబోయింది. "నీ నోటంట ఆ పేరు విని ఎన్నాళ్ళయింది! ఉండు, ఇవాళేగా కొంగలు రావాల్సింది, అందుకనే..."

"వాగుడు ఆపి విను. మావాళ్ళు పోయారని చెప్పు. ఆఖరివాళ్ళు. అంతే చెప్పు, ఇంకో ముక్క కలిపావంటే ఊరుకోను."

"అయ్యయ్యో, ఈగలు చచ్చి..."

"నోరు కడుక్కో! పోయారు అను. మీ ఇంట్లో కుక్కుంటే దాన్ని చచ్చిందను, మావాళ్ళని అనకు."

"తప్పయింది పిన్నీ," అంది స్తాసె. నిజంగానే తప్పయిందనుకుంది. ఆ వేళ ఇంకెక్కడా వ్యాను ఆపకుండా నేరుగా అటు ఒడ్డుకే పోయింది. రొట్టెల కోసం దారిలో ఎదురుచూస్తున్నవాళ్ళు తిట్టుకున్నారు.

జిగ్మస్ ఒంటిగంటకు వచ్చాడు. పొడుగాటి మనిషి, పెద్ద చెవులు, చలికి రెండూ ఎర్రగా ఉన్నాయి. తల్లి పోయినప్పుడు వేసుకున్న నల్లకోటు మీద ఉంది. భుజాన పార, చంకలో మడత పెట్టిన తెల్లగుడ్డ.

"మోర్తక్కా," అన్నాడు గేటు బయటే నిలబడి.

"రా," అంది మోర్తా.

ఎనిమిది నెలల తర్వాత మొదటి మాటలు అవి. ఇద్దరూ పెరట్లోకి నడిచారు.

"ఎక్కడ తవ్వమంటావు?"

"ఎర్రపళ్ళ పొద కింద. ఎడమపక్కన వద్దు, అక్కడ రెండు గోతులున్నాయి."

జిగ్మస్ ఆగిపోయాడు. "రెండా? ఎప్పుడు?"

"జనవరిలో ఒకరు, ఫిబ్రవరిలో ఒకరు."

"నాకు చెప్పలేదే."

"చెప్పలేదు."

ఆయన మంచు పక్కకు తోసి తవ్వసాగాడు. నేల జానెడు లోతు దాకా గడ్డకట్టి ఉంది. పార దెబ్బకు ఖంగుమంటోంది గానీ మట్టి లేవడం లేదు. చెమటలు పట్టేదాకా తవ్వి, గొయ్యి ఒక కొలిక్కి వచ్చాక పెట్టె దగ్గరకొచ్చాడు. అలవాటు కొద్దీ దాన్ని వెనకనుంచి కాస్త ఎత్తాడు. ముఖం మాడిపోయింది.

"ఇందులో ఏమీ లేదక్కా. సెప్టెంబరులో ఎంత పాకం పోశావు?"

"కళ్ళతో చూసి పోశాను."

"కళ్ళతోనా! పెట్టెని కళ్ళతో చూస్తారా ఎవరైనా?"

"మరెవరి చేతులతో చూడమన్నావు?"

జిగ్మస్ గుడ్డ విప్పి మంచు మీద పరిచి, పెట్టె మూత తీశాడు.

నడిమి తేనెపట్టు చట్రాల మధ్య ఈగలు ముద్దగా ఉన్నాయి. ప్రతి ఈగా తల ఖాళీ మైనపు గదిలోకి దూర్చి, తోక బయటకు పెట్టి బిగుసుకుపోయింది. అడుగంటిన తేనె కోసం చివరిదాకా నాకినట్టున్నాయి. అలాంటివి మోర్తా ఇదివరకు చూసింది. పోయినవాళ్ళను పారతో ఎత్తరు, చేతులతోనే ఎత్తుతారు. చేతితొడుగులు తీసేసి, ఉత్త చేతులతో గుప్పెడు ఈగలను తీసింది. గుడ్డ మీద పెట్టబుద్ధి కాలేదు. రెండు చేతుల మధ్యా అలాగే పట్టుకుని నిలబడింది.

కాసేపటికి, "అబ్బా!" అంది.

"ఏమైంది?"

"కుట్టింది."

"పోయినవాళ్ళు కూడా కుడతారక్కా. ముల్లు ఊరికే పట్టుకుంటుంది."

"నాకు చెప్పొచ్చావా? ముల్లు గుచ్చుకున్నదానికీ కావాలని కుట్టినదానికీ తేడా తెలీదా నాకు? కళ్ళు పెట్టుకుని చూడు!"

అరచేయి తెరిచింది. ఒక ఈగ కాలు చాపి మళ్ళీ ముడుచుకుంది. దాని పక్కనే ఇంకొకటి మీసాలు కదిపింది.

ఆకలికీ చలికీ బిగుసుకుపోయిన ఈగ ఒకటి రెండు రోజులు అచ్చం పోయినట్టే పడి ఉంటుంది. వేడీ, గుక్కెడు తీపీ దొరికితే లేస్తుంది. ఈ సంగతి ఆ ఇద్దరికీ తెలియక కాదు. నలభై ఏళ్ళుగా ఈగలతో ఉన్నవాళ్ళు. కానీ పోయారని కబురు వెళ్ళాక, నల్లకోటు తొడుక్కుని పారతో వచ్చాక, బతికున్నారా అని ఎవరు చూస్తారు! చావంటే అంత మర్యాద ఆ ఊళ్ళవాళ్ళకి. ఆ మర్యాదలో పడి బతికున్నవాళ్ళను నిక్షేపంగా పాతిపెట్టేసేవారే.

"పట్టు, పట్టు అటువైపు!" అని కేకేసింది మోర్తా. భుజం నొప్పి ఏమయిందో తెలియదు. ఇద్దరూ పెట్టెను వంటింట్లోకి మోసుకొచ్చారు. జిగ్మస్ పొయ్యిలో కట్టెలు కుక్కాడు. వెలుతురు చూస్తే లేచినవి లేచినట్టు కిటికీకి కొట్టుకుంటాయని మోర్తా పరదాలు లాగేసింది. పాతిపెట్టడానికి తెచ్చిన గుడ్డను బల్ల మీద పరిచి ఈగలను దాని మీద పలచగా ఆరబోశారు. ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసాలో గోరువెచ్చటి తేనెనీళ్ళు పోసి, మంచు పడినంత సన్నగా చల్లింది.

"తడిపెయ్యకు, ముద్దయిపోతారు."

"నువ్వు పొయ్యి సంగతి చూడు, నా చెయ్యి సంగతి నాకొదిలెయ్యి."

"తల్లి ఉందా?"

"వెతుకుతున్నానుగా! మాట్లాడకు."

ముద్ద నట్టనడుమ, నాలుగైదు ఈగల కింద, తల్లి దొరికింది. కింద పడనివ్వకుండా పట్టుకునే బిగుసుకున్నాయి అవి. మోర్తా తల్లిని అరచేతిలోకి తీసుకుని, రెండో చేత్తో మూసి, సందులోంచి వెచ్చగా ఊపిరి వదిలింది. ఒకసారి, పదిసార్లు, ఎన్నిసార్లో. జిగ్మస్ కట్టె చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నాడు. చాలాసేపటికి అరచేతిలో చక్కిలిగిలి పెట్టింది. మోర్తా చెయ్యి తెరిచి చూపించింది. తల్లి ఈగ తాగినదానిలా తూలుతూ నడుస్తోంది.

"పస్తులుండి ఆవిడకి పెట్టారు," అన్నాడు జిగ్మస్. "ఆఖరి చుక్క దాకా."

"వాళ్ళకున్న బుద్ధి మనకుంటేనా," అంది మోర్తా.

మూడింటికల్లా తెలిసిపోయింది. లేచినవి లేచాయి, లేవనివి ఇక లేవవు. బకెట్టు నిండా ఉండాల్సినవాళ్ళు రెండు పిడికిళ్ళు మిగిలారు. వాటిని తల్లితో సహా, చేత్తో మోసుకెళ్ళే చిన్న మోతపెట్టెలో ఒక చట్రం మీదకు చేర్చి, తేనె, పంచదార పొడి కలిపి పిసికిన ముద్ద పైన పెట్టారు. మిగతావాటిని జిగ్మస్ గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, తవ్విన గోతిలోనే పాతిపెట్టి వచ్చాడు. మోర్తా కాచిన టీ బల్ల మీద పెట్టింది. ఇద్దరూ మోతపెట్టెకు చెరో పక్కన కూర్చున్నారు.

పైకి చెప్పుకోకపోయినా ఇద్దరి మనసులోనూ ఒకటే ఉంది. రెండు పిడికిళ్ళ ఈగలు ఏప్రిల్ చలికి ఆగవు. తమ ఒళ్ళే వెచ్చగా ఉంచుకోలేనివాళ్ళు పిల్లల్ని ఎక్కడ పొదుగుతారు? పది రోజులు, మహా అయితే పదిహేను.

జిగ్మస్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"మావాళ్ళు ఫిబ్రవరి నుంచీ మూలుగుతున్నారు," అన్నాడు చివరికి.

మోర్తా తలెత్తింది. "తల్లి లేదా?"

"లేదు. పెట్టె నిండా ఉన్నారు, ఏడు చట్రాల మీద. తల్లి లేదు. ముసలిదైపోయినట్టుంది, నాకు తెలీలేదు. నా కళ్ళకి ఆవిడెప్పుడు కనబడింది గనక! ఉన్నది ఆ ఒక్క పెట్టే."

"నాకు చెప్పలేదేం?"

"పోలేదుగా ఇంకా. పోతే చెప్పేవాణ్ణి."

ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు. ఈగల విషయంలో అడగడమనేది లేదు. అడిగి తెచ్చుకున్న తల్లి నిలవదంటారు అక్కడ. టీ తాగేసి, గ్లాసు బోర్లించి లేచాడు. "మరి వెళ్తానక్కా. కట్టెలు పొయ్యి పక్కన పెట్టాను."

"కూర్చో." మోర్తా గొంతు గట్టిగానే ఉంది. "నీ పెట్టె ఇక్కడికి తెచ్చి వీళ్ళతో కలిపితే?"

"తెస్తాను," అన్నాడు వెంటనే. "రేపే. మంచుబండికి కట్టి లాక్కొస్తాను."

మోర్తా ఆయన ముఖంలోకి చూసింది. తెస్తాడు, అనుమానం లేదు. కరిగే మంచు మీద నాలుగు కిలోమీటర్లు, పెట్టె నిండా ఉన్న ఈగలను కుదుపుకుంటూ లాక్కొస్తాడు. గుంపు చెదిరి సగం దారిలోనే పోతారు. మిగిలినవాళ్ళు ఎండ కాసిన రోజున పాత చోటు వెతుక్కుంటూ ఎగిరిపోయి, అక్కడ ఏమీ లేక రాలిపోతారు. బలహీనులను బలమైనవాళ్ళ దగ్గరికి చేర్చాలి గానీ బలమైనవాళ్ళను కదపకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. జిగ్మస్‌కు తెలియదా? తెలిసీ రేపే తెస్తానంటున్నాడు. మోర్తాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కోపంగానే బయటికొచ్చింది.

"ఆ రోజు నన్ను వెనక బల్ల దగ్గర ఎందుకు కూర్చోబెట్టావు?"

జిగ్మస్ అర్థంకానట్టు చూశాడు. "ఏ రోజు?"

"మీ అమ్మ భోజనాల రోజు! ఇంకేరోజు!"

"అదా నీ కోపం?" ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "నాకు తెలీదక్కా. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు తిన్నారో, నేను తిన్నానో లేదో కూడా తెలీదు. అమ్మని మట్టిలో పెట్టి వచ్చిన రోజు కదా."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. మోర్తా ఎనిమిది నెలలపాటు ఆ బల్లనూ, ఆ కుర్చీనీ, పక్కన కూర్చున్న ముసలాళ్ళనూ తలుచుకుని తలుచుకుని ఉడికిపోయింది. అది ఒకాయన తల్లిని మట్టిలో పెట్టిన రోజని ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

"వీళ్ళని చంపింది నేనే," అంది చివరికి. చంపడమన్న మాటే వాడింది. "మూడు పెట్టెలూ. నిన్ను పిలవాల్సింది, పిలవలేదు."

"పిలవకపోయినా నేను రావాల్సింది."

"నువ్వొస్తే తలుపు తీసేదాన్ని కాదు."

"అది నిజమే," అన్నాడు జిగ్మస్.

మోర్తా లేచి గొర్రెతోలు కోటు తొడుక్కుంది. మోతపెట్టెను ఎత్తి పొట్టకానించుకుని, మీద కోటు మూసి బొత్తాలు పెట్టుకుంది. "ఏమిటలా చూస్తావు? పొద్దుంది ఇంకా. నడు. పరదాలు తియ్యి, పొయ్యి మూసెయ్యి."

"అక్కా, ఆలోచించుకో. ఇస్తే నీ పెరట్లో..."

"నా పెరడు నాకు తెలుసు. నడవమన్నానా?"

సరస్సు చుట్టూ దారి బురదా మంచూ కలిసి జారుడుగా ఉంది. జిగ్మస్ పార భుజాన వేసుకుని ముందు నడిచాడు. జారేచోట ఆగి, పార కర్ర ఆమెకు అందించాడు. మోర్తా ఒక చేత్తో కర్ర పట్టుకుంది, రెండో చెయ్యి కోటు మీది నుంచి తీయలేదు. లోపల ఆ రెండు పిడికిళ్ళ కదలిక పొట్టకు తెలుస్తూనే ఉంది. దారిలో స్తాసె వ్యాను ఎదురొచ్చింది. ఆమె అద్దం దించి నోరు తెరవబోయి, ఇద్దరినీ చూసి, ఏమనుకుందో మళ్ళీ అద్దం ఎక్కించేసుకుంది.

జిగ్మస్ పెరట్లోకి అడుగు పెట్టకముందే మూలుగు వినిపించింది. ఇంట్లో ఎవరో జబ్బుతో పడి ఉన్నట్టు, ఆగకుండా సాగుతోంది. ఆయన మూత తీశాడు. మోర్తా జిల్లా పత్రిక కాగితం ఒకటి తీసుకుని సూదితో పది బెజ్జాలు పొడిచి, చట్రాల మీద పరిచింది. ఒకేసారి కలిపితే కొత్తవాళ్ళని చంపేస్తారు. కాగితం కొరుక్కుంటూ వచ్చేలోగా ఒకరి వాసన ఒకరికి అలవాటవుతుంది. కాగితం పైన పెట్టెకు ఇంకో ఖాళీ అంతస్తు పెట్టి, అందులోకి కోటులోంచి తీసిన చట్రాన్ని దించింది. తల్లి ఈగ ఉందో లేదో ఆఖరుసారి చూసుకుంది. ఉంది. దాన్ని చూస్తూ ఉండాలనిపించింది, కానీ చలి తగులుతుందని మూత పెట్టేసింది.

చెవి ఆనించింది. మూలుగు అలాగే ఉంది.

"ఏమంటున్నారు?" అన్నాడు జిగ్మస్.

"ఉండు."

పావుగంటయింది. కాళ్ళు మొద్దుబారాయి. సూర్యుడు సరస్సు అవతల చెట్లమీదకు దిగాడు.

"అక్కా, ఏమంటున్నారు?"

మోర్తా చెయ్యెత్తి ఆపింది. మూలుగు ఒక చోట తెగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ తెగింది. తర్వాత మెల్లిగా పలచబడి, పలచబడి, లోపల ఎవరో తలుపు వేసుకున్నట్టు నిశ్శబ్దమైంది. వేలి కణుపుతో తట్టింది. ఝుం అని ఒక్కసారి అని ఊరుకున్నారు.

"నువ్వే విను," అని పక్కకు జరిగింది.

జిగ్మస్ మోకాళ్ళ మీద కూలబడి చెవి పెట్టాడు. తట్టాడు. విన్నాడు. లేవలేదు. ఆ పెద్ద చెవి పెట్టెకు ఆనించుకునే ఉన్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. మోర్తా ఆయన వైపు చూడకుండా సరస్సు వైపు చూసింది.

కాసేపటికి ఆయన లేచి ముఖం తుడుచుకున్నాడు. ఏదో మంచిమాట చెప్పాలని నోరు తెరిచాడు. "జూన్‌లో వీళ్ళలోంచి విడిపోయే మొదటి గుంపు నీ పెరట్లోకే..."

"జూన్ సంగతి జూన్‌లో. ఇప్పుడు నా పెరట్లో ఎవరూ లేరు." మోర్తా సరస్సు అవతలి ఒడ్డు వైపు చూపించింది. "మా నాన్న పెట్టిన రోజు నుంచి ఇదే మొదటిసారి. ఎవరూ లేరు."

"లేరు," అన్నాడు జిగ్మస్.

ఇద్దరూ పెట్టె పక్కన నిలబడ్డారు. మోర్తా కోటు బొత్తాలు పెట్టుకుంది. లోపల ఖాళీగా, చల్లగా తగిలింది.

"రేపు పొద్దున్నే వస్తాను," అంది. "కాగితం కొరికారో లేదో చూడాలి."

"ముందు నేను చూడనా?"

"నీ కళ్ళకేం కనబడుతుంది! నేనొచ్చేదాకా మూత తియ్యకు," అని గేటు వైపు నడిచింది.